రెండో ఇంటి మాట

హైదరాబాదు నుంచి వచ్చిన కవరును నీలమ్మ వెంటనే చించలేదు. ముందు పొయ్యి మీది అన్నం దించి గంజి వార్చింది. చేతులు తుడుచుకుంది. అప్పుడు కత్తెర తెచ్చి కవరు అంచును సన్నగా కత్తిరించింది. తొందరపడి చించితే లోపలి కాగితం కూడా చినగవచ్చు. ఆమెకు వచ్చేదే నెలకో ఉత్తరం, అదీ చేతిపనుల మాటలు ఏరే అకాడమీ తెలుగు శాఖ వాళ్లు రాస్తేనే.

“మీరు పంపిన రెండు వందల పదకొండు కార్డుల్లో రెండు వందల పది స్వీకరించాం” అని రాశారు సహాయ సంపాదకులు. ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. “‘లినుపు’ దగ్గర మాత్రం ఆగిపోయాం. ఇక్కడ ఎవరూ వినని మాట ఇది. ‘ల’తో మొదలయ్యే అచ్చ తెలుగు మాటలు చాలా తక్కువ కనుక, ఇది మిక్కిలి పాతదై ఉండవచ్చునని నా ఆశ. నిజమైతే దీని మీద ఒక వ్యాసమే రాయవచ్చు. కాని మీ కార్డులో ఒక్క ఇంటి సాక్ష్యమే ఉంది. నిబంధన మీకు తెలిసిందే. మార్చి నెలాఖరులోగా వేరే ఇంటివారి నోట విని, సంతకమో వేలిముద్రో తీసుకుని పంపితే, చాలా మాటలకు ఊరి పేరే వేస్తున్నా, దీన్ని మీ అత్తగారు తాయమ్మగారి పేరుతో సహా అచ్చు వేస్తాం. లేకుంటే వదిలివేయక తప్పదు.”

అది 1980 జనవరి. తాయమ్మ చనిపోయి ఏడాది దాటింది. ఆమె కొడుకు, నీలమ్మ భర్త సుంకన్న, అంతకు రెండేళ్ల ముందే పోయినాడు. పిల్లలు లేరు. ముందు గదిలో మగ్గం గుంట మీద పలకలు పరిచి, వాటి మీద బియ్యం డబ్బా, కార్డుల పెట్టె పెట్టుకుని నీలమ్మ ఒక్కతే ఉంటోంది. తాయమ్మకు ఒక ఫోటో కూడా లేదు. ఓటర్ల జాబితాలో పేరు ఉండేది, అదీ తీసేశారు. ఇప్పుడు ఎక్కడో ఒక పుస్తకంలో, ఒక మాట పక్కన, ‘తాయమ్మ, ఎమ్మిగనూరు’ అని పడుతుందట. నీలమ్మ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. ఆ రోజు వార్చిన అన్నం చల్లారిపోయాక తినింది.

ఆమె ఆదోని పిల్ల. ఆదోని కాలేజీలో బి.ఏ. చదివి ఎమ్మిగనూరులో మగ్గమున్న ఇంటికి కోడలై వచ్చింది. జాతీయ కళా విజ్ఞాన అకాడమీ వాళ్లు ప్రతి భాషలోనూ చేతిపనుల మాటలు సేకరిస్తున్నామనీ, చదువుకున్నవాళ్లు కావాలనీ కాలేజీలకు రాసినప్పుడు, ఆమె పాత లెక్చరరు ఎవరో ఈమె పేరు ఇచ్చారు. సుంకన్న పోయిన మూడో నెలలో మొదటి కార్డుల కట్ట వచ్చింది. దానితోపాటు అకాడమీ చరిత్ర అని నలభై పేజీల చిన్న పుస్తకం కూడా వచ్చింది.

ఆ పుస్తకాన్ని ఆమె ఎన్నిసార్లు చదివిందో లెక్క లేదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, ఢిల్లీలో ఒక సంగీత పాఠశాల హాలు అడిగి తీసుకుని, పద్దెనిమిది మంది కూర్చుని పెట్టుకున్న సంస్థ అది. నక్షత్రాలు చూసేవాళ్లూ, వీణ వాయించేవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఏం మాట్లాడుకుంటారని బయటివాళ్లు నవ్వారట. మొదటి రెండు సమావేశాల్లో నిజంగానే ఏమీ మాట్లాడుకోలేదట. మూడో సమావేశంలో చెట్ల శాస్త్రం తెలిసిన అధ్యక్షుడు లేచి, ఈ దేశంలో సగం విద్య పుస్తకానికి ఎక్కలేదు, చేతుల్లో ఉంది, చేతి పని పోతే మొదట పోయేది దాని మాట అన్నాడు. ఆ రోజే మాటలు ఏరే పని మొదలైంది.

తర్వాతి అధ్యాయం నీలమ్మకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అందులో అకాడమీ తన తప్పు తానే చెప్పుకుంది. తొలి సంపుటం పడవల మీద వచ్చింది. అందులో ఒక పండితుడు పంపిన అరవై మాటల్లో ముప్పై ఆయన ఇంట్లో పడక కుర్చీలో కూర్చుని కల్పించినవి. పరదేశాల విద్వాంసులు వాటిని ఎత్తి రాసుకున్నారు. చివరికి ఎవరో రేవుకు వెళ్లి పడవవాళ్లకు చదివి వినిపిస్తే వాళ్లు నీళ్లలో పడి నవ్వారు. అకాడమీ ఆ సంపుటాన్ని వెనక్కి తెప్పించుకుని, అప్పటి నుంచి ఒక నిబంధన పెట్టుకుంది. మాట రెండిళ్లలో వినాలి. అడిగేవాళ్లు ఆ మాట ముందుగా పలకరాదు. వస్తువునో పనినో వర్ణించి, ‘దీన్ని ఏమంటారు’ అని మాత్రమే అడగాలి. ‘ఒక్క ఇంట విన్నది చప్పుడు, రెండిళ్ల విన్నది మాట’ అని పుస్తకంలో లావు అక్షరాల్లో ఉంది.

లినుపు అంటే ఏమిటో నీలమ్మ చెవులకు తెలుసు. మగ్గం ఊరికే ఆగితే, అంటే నేతగాడు నీళ్లకో బీడీకో లేస్తే, చివరి దెబ్బ పూర్తిగా పడి ఆగుతుంది. పడుగులో నిలువు పోగు తెగితే మాత్రం దెబ్బ సగంలో నిలుస్తుంది. గుంటలో కూర్చున్నవాడికి పడుగు అవతలి కొస అందదు, ఇంకొకరు పోయి పోగు వెతికి ముడి వేయాలి. కొత్త కోడలిగా ఆమె వెనక గదిలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టుకుంటూ ఉంటే, పొయ్యి దగ్గర నుంచి తాయమ్మ, “లినుపు పడింది, పో” అనేది. తల కూడా ఎత్తేది కాదు. మొదటి నెల నీలమ్మకు ఆ రెండు ఆగడాలకూ తేడా తెలియలేదు. రెండో నెలకు అత్త నోరు తెరవకముందే లేచేది. పదకొండేళ్లలో ఎన్నిసార్లు అలా లేచి, పడుగు అవతలి కొసకు పోయి, పోగుల మధ్య నుంచి భర్త ముఖం చూసి ఉంటుందో.

సరే, రెండో ఇల్లు కావాలి. నీలమ్మ కార్డు సంచీలో వేసుకుని నేతవాళ్ల వీధులు పట్టింది.

మొదట నేత సంఘంలో పెద్దవాడు శంకరన్న దగ్గరికి పోయింది. అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు.

“శంకరన్నా, మగ్గం ఆడతా ఆడతా పోగు తెగి ఆగిపోతుంది కదా, ఆ ఆగేదాన్ని మీ ఇంట్లో ఏమంటారు?”

“ఏమంటాము? నా కర్మ అంటాము.”

అరుగంతా నవ్వింది. నీలమ్మ కూడా నవ్వి, “మీ నాయన ఏమనేటోడు?” అంది.

“మా నాయన అనేది నీ పుస్తకంలో రాయగూడదులేమ్మా. ఆడబిడ్డవు.”

“పోయిన ఎద్దును ఎతికేటోళ్లను చూసినాను గానీ, మాటను ఎతుక్కుంటా తిరిగేటోళ్లను ఇప్పుడే చూస్తాండాను” అన్నాడు పక్కనున్న లక్ష్మప్ప. “దొరికితే యాడ కట్టేస్తావమ్మా దాన్ని?”

“ఢిల్లీలో” అంది నీలమ్మ.

ముప్పై ఇళ్లు తిరిగింది. పోగు తెగింది అంటాము. ఆగింది అంటాము. ఏమీ అనము, అరుస్తాము. ఇంతకు మించి ఎవరి నోటా రాలేదు. ఫిబ్రవరి ఎండ మొదలైంది. పక్కింటి లక్ష్మక్క, ఎనిమిదేళ్ల కిందట ఆ వీధికి వచ్చిన మనిషి, ఈమె చెప్పులు విడుస్తుంటే గోడ మీద నుంచి చూసి జాలిపడింది.

“ఏందే ఆ మాట? నాకు సెప్పు.”

నీలమ్మ చెప్పింది.

“అంతే కదా. నేను అంటాననుకో. వేలిముద్ర ఏసిస్తా, పంపిచ్చెయ్. ఢిల్లీవోడు వచ్చి నా నాలిక చూస్తాడా?”

“వద్దక్కా.”

“ఏం, నాది ఇల్లు గాదా?”

“ఇల్లే అక్కా. నువ్వు అననిది అన్నావని ఎట్ల రాసేది?”

“అందుకే నీకు ఎవురూ జత లేరు” అంది లక్ష్మక్క. కోపంతో అన్నది కాదు. కానీ నీలమ్మ రెండు రోజులు ఆ గోడ వైపు పోలేదు.

మార్చి మొదటి వారంలో ఆమె బస్సెక్కి హొళగుంద పోయింది. అక్కడ కన్నడం మాట్లాడే నేతవాళ్లు ఉన్నారు, పేక పోగును మోసే నాడెను లాళి అంటారు. ‘ల’తో మొదలైన మాటకు అక్కడ చుట్టం ఉండకపోదని ఆమె లెక్క. ఒక ముసలామె మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. నీలమ్మ ఎంత వర్ణించినా ఆమెకు తెలియలేదు. మూడిళ్లు అప్పటికే తిరిగి ఉంది. వెనక్కి పోయే బస్సు టైమవుతోంది. నీలమ్మ తనకు తానే వినపడనంత మెల్లగా, “లినుపు అంటారా అవ్వా?” అంది.

“హౌదు, హౌదు. అంటాము. అట్లనే అంటాము” అని ముసలామె ముఖం విప్పారింది.

నీలమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. సంచీలో చేయి పెట్టి కార్డు తీసింది. తీసి, అడగకుండా ఉండలేక, “అంటే ఏంది అవ్వా?” అంది.

“లాళికి పూస్తారు కదమ్మా, ఆ నూనె.”

ఎండలో ఇంత దూరం వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఆ తల్లికి ఇష్టం లేదు, అంతే. నీలమ్మ కార్డు లోపల పెట్టుకుని, మజ్జిగ చాలా బాగుందని చెప్పి లేచింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిబంధన తప్పింది తానే అనుకుంది. నూనె అనకపోయి ఉంటే వేలిముద్ర తీసుకునేదాన్నేనా అని కూడా అనుకుంది.

నెలాఖరుకు పన్నెండు రోజులున్నాయనగా శంకరన్నే ఇంటి ముందు సైకిలు ఆపినాడు. “పాతకాలం మగ్గాల సంగతయితే ఆదోనిలో మాబు సాబు అని వడ్రంగి ఉండె. ఈ వీధిలో సగం మగ్గాలు ఆయన పెట్టినవే. మీ ఇంట్లోదీ ఆయనదే. బతికుంటే పోయి అడుగు.”

మాబు సాబు బతికే ఉన్నాడు. ఆదోనిలో కోట కింది సందులో, కొడుకు ఇంటి వరండాలో, నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కోడలు చాంద్ బీ కుర్చీ వేసి, “గట్టిగా మాట్లాడండి అక్కా, మామకు ఎడమ చెవి లేదు” అని చెప్పి లోపలికి పోయింది. నీలమ్మ కుడి పక్కకు కుర్చీ జరుపుకుంది. తాను ఎవరో చెప్పలేదు. ఎమ్మిగనూరు నుంచి వచ్చానని మాత్రం అంది. ఈసారి నిబంధనను తు.చ. తప్పకుండా పాటించాలని బస్సులోనే అనుకుంది.

“మగ్గం నడుస్తా ఉండంగా పోగు తెగి సగం దెబ్బలో ఆగుతుంది కదా మామా. దాన్ని ఏమంటారు?”

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. “ఇప్పుడు ఏమీ అనరు. చేత్తో నాడె ఇసిరే కాలంలో నిలుపు అంటా ఉండిరి. నిలుపు పడింది అని.” ఉన్నట్టుండి చిన్నగా నవ్వినాడు. “మీ ఊళ్లో ఒక ఇంట్లో మాత్రం లినుపు అనేటోళ్లు.”

నీలమ్మ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

“ఎవరి ఇల్లు మామా?”

“తాయమ్మక్క ఇల్లు. నేను వాళ్లకు మగ్గం పెట్టేదానికి పోయి ఇరవై దినాలు ఉండినా. వాళ్ల పిల్లోడు, సుంకడు, మూడేండ్లు కూడా లేవు వానికి. నాలిక తిరిగేది కాదు. వాళ్ల నాయన మగ్గం కాడ పోగు తెగితే సాలు, ‘లినుపు పడింది, లినుపు పడింది’ అని ఇల్లంతా ఉరికేటోడు. తాయమ్మక్క కండ్లలో నీళ్లు వచ్చేట్టు నవ్వేది. ఇంగ ఆ ఇంట్లో ఎవురూ దాన్ని నేరుగా అనలా. నేను కూడా అట్లనే అంటి. ఆడ అలవాటయి, వేరే ఇండ్లలో కూడా నోరు జారి అంటి. నవ్వినారు నన్ను.” ఆయన కండ్లు తుడుచుకున్నాడు. “వాడు బాగుండాడా అమ్మా?”

“నేను వాళ్ల కోడల్ని మామా” అంది నీలమ్మ. ఇద్దరూ పోయిన సంగతి చెప్పింది. గట్టిగా చెప్పాల్సి వచ్చింది. సందులో పోయేవాళ్లు తిరిగి చూశారు.

మాబు సాబు మంచం నవారును చేత్తో సవరించినాడు. తర్వాత, “మొదటే చెప్పాల్సింది గదా కోడలా” అన్నాడు. ఆమె కార్డు సంగతి, పుస్తకం సంగతి, రెండో ఇంటి సంగతి చెప్పింది. ఆయన వెంటనే చేయి చాపినాడు.

“ఇట్ల తే. నేను అన్నాను గదా. నువ్వు అడగకముందే అన్నాను. నాది వేరే ఇల్లు, వేరే ఊరు, వేరే కులం. ఇంతకన్నా సాక్షి దొరుకుతాడా వాళ్లకు?”

ఉర్దూలో సంతకం చేసినాడు. వంకర లేకుండా, వడ్రంగి గీసిన గీతలాగా.

కార్డు ఎనిమిది రోజులు ఆమె దగ్గరే ఉంది. దానిలో తప్పు ఏదీ లేదు. రెండిళ్లు ఉన్నాయి. రెండో మనిషి తనంతట తానే పలికినాడు. కార్డు కింద ‘పుట్టుక తెలిసినచో’ అని ఒక గడి ఉంటుంది. నూటికి తొంభై కార్డుల్లో అది ఖాళీగానే పోతుంది. ఇదీ అలాగే పోవచ్చు. నిజం తెలిసినవాళ్లు ఈ లోకంలో ఇద్దరు, ఒకరికి ఎనభై ఏళ్లు.

ఇన్నేళ్లలో తనకెందుకు తట్టలేదా అని ఆమె ఆలోచించింది. రెండక్షరాలు తారుమారు, అంతే. కాలేజీలో చదివిన పిల్ల, కార్డుల్లో ఒత్తులు దిద్దే మనిషి. కానీ ఇంట్లో అందరికీ తెలిసిన నవ్వును కొత్త కోడలికి ఎవరూ విడమరిచి చెప్పరు. కొన్నేళ్లు పోతే వాళ్లే మరిచిపోతారు, మాట మాత్రం పనిలో పడి తిరుగుతుంది. సుంకన్నకే తెలిసి ఉండదు, అది తన మాటేనని.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆమె ఉత్తరం మళ్లీ తీసి చదివింది. ‘మిక్కిలి పాతదై ఉండవచ్చునని నా ఆశ’ దగ్గరికి వచ్చేసరికి, హైదరాబాదులో కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన బల్ల మీద వంగి, మూడేళ్ల సుంకడి నత్తి మీద వ్యాసం రాస్తూ కనిపించినాడు. దాన్ని ఢిల్లీలో ఇంకొకరు చదివి, పరదేశాల్లో మరొకరు ఎత్తి రాసుకుని, పైగా ‘మన ప్రాచీనులు’ అని మొదలుపెట్టి… నీలమ్మకు నవ్వు వచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత కడుపులోంచి. ముందు గదిలో పలకల మీద కూర్చుని పైటకొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూనే, చెప్పాలని వంటింటి వైపు తిరిగింది.

ఈ సంగతికి నిజంగా నవ్వగలిగినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరూ లేరు. ఆమె అలా తిరిగే కూర్చుని ఉంది, నవ్వు దానంతట అది తగ్గేదాకా.

తర్వాత పెన్ను తీసుకుని గడిలో రాసింది: ‘నా భర్త సుంకన్న మూడేళ్ల వయసులో నిలుపు అనబోయి పలికినది. ఆ ఇంట అదే నిలిచినది. పాత మాట కాదు.’ ఒత్తులు సరిచూసుకుంది. నాలుగు గంటల తపాలాకు వేసింది.

ఏప్రిల్‌లో జవాబు వచ్చింది. గుండ్రటి అక్షరాలే కానీ ఈసారి ఒక చోట కొట్టివేత ఉంది. ‘నిలుపు’ ఇదివరకే వేరొక జిల్లా నుంచి రెండిళ్ల సాక్ష్యంతో వచ్చి ఉందనీ, దాని పక్కన ఆదోనిని చేరుస్తున్నామనీ రాశారు. లినుపును తీసుకోలేమన్నారు. ‘మీరు ఆ గడి ఖాళీగా పంపి ఉంటే నేను వ్యాసం రాసి ఉండేవాణ్ణి’ అని చివర ఒక వాక్యం. కృతజ్ఞతో నిష్ఠూరమో ఆమెకు తేలలేదు. కుమ్మరి పనిమాటల కోసం కొత్త కార్డులు కూడా పంపారు.

నేత మాటల సంపుటం అచ్చయి వచ్చేసరికి 1984. బరువైన పుస్తకం, నీలం అట్ట. లక్ష్మక్క పసుపు దంచుతున్నది దంచినట్టే వదిలి వచ్చింది. నీలమ్మ ‘న’ తీసి నిలుపు చూసింది. ‘ఆదోని: మాబు సాబు’ అని ఉంది. ఆయన పోయిన సంవత్సరమే కన్ను మూసినాడు. తర్వాత ‘ల’ తీసింది. ఒకటిన్నర పేజీ కూడా లేదు. లాళి ఉంది, హొళగుంద. దాని కిందనే ఇంకేదో మాట. రెంటి మధ్య అచ్చువాళ్లు ఎప్పుడూ వదిలేంత సందే ఉంది. ఎక్కువేమీ లేదు.

“మీ అత్త పేరు యాడుంది?” అంది లక్ష్మక్క.

“మిగతా మాటల కింద ఊరి పేరే ఉంది కదక్కా, ఎమ్మిగనూరు అని. మనుషుల పేర్లు కొన్నిటి కిందే వేసినారు.”

“అది గాదు. నువ్వు ఎండనపడి తిరిగితివే, ఆ మాట.”

“అది తీసుకోలేదక్కా.”

“అంత తిరిగినా?” లక్ష్మక్క పసుపు చేతులు పుస్తకానికి తగలకుండా వెనక్కి పెట్టుకుని, ముఖం చిట్లించి జ్ఞాపకం చేసుకోబోయింది. “ఏందే అది? నాకు సెప్పితివి ఒకసారి. నాలిక కొసన ఉంది. మళ్లా సెప్పు.”

నీలమ్మ పుస్తకం మూసింది. ముప్పై ఇళ్లకు తెలియకుండా దాచి అడిగిన మాట, ఇద్దరికే ముందుగా చెప్పింది. ఆ ఇద్దరిలో హొళగుంద ముసలామె ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది, లక్ష్మక్క కూడా మరిచిపోతే అది మళ్లీ ఇంట్లో మాటే.

“ఏమో అక్కా” అంది, లక్ష్మక్క కళ్లలోకి చూసి. “నాకూ సరిగా గుర్తు లేదు.”